కొరియా డబుల్ ఐలిడ్ సర్జరీ రివ్యూ: కుట్టు పద్ధతా, కోత పద్ధతా?

కన్ను తెరిచినప్పుడు పై రెప్ప చర్మం ఒక గీత దగ్గర లోపలికి మడతపడుతుంది. ఈ మడత ఉన్న రెప్పనే డబుల్ ఐలిడ్ అంటారు. తెలుగువాళ్లలో దాదాపు అందరికీ ఈ మడత పుట్టుకతోనే ఉంటుంది కాబట్టి దాని గురించి ఆలోచించే పనే రాదు. కొరియా, జపాన్, చైనా, తైవాన్ ప్రజల్లో మాత్రం చాలామందికి ఆ గీత ఉండదు. ఉన్నా రెప్పవెంట్రుకలకు ఆనుకుని లోపలే దాగి ఉంటుంది. కొందరికి ఒక కంటికి ఉండి రెండో కంటికి ఉండదు. 1896లో జపాన్ వైద్యుడు మికామో మొదటిసారి రాసిపెట్టిన కేసు ఇలాంటిదే. ఒక కంటికే మడత ఉన్న స్త్రీకి రెండో రెప్పలో పట్టుదారం వేసి మడత తెప్పించి, కొద్ది రోజులకు ఆ దారం తీసేశారు. ఇవాళ సియోల్‌లోని గంగ్నమ్ ప్రాంతంలో, ముఖ్యంగా అప్‌గుజంగ్, సిన్సా మెట్రో స్టేషన్ల చుట్టూ ఉన్న క్లినిక్కుల్లో, లేని మడతను తెప్పించే ఈ డబుల్ ఐలిడ్ సర్జరీ రోజూ జరుగుతుంది.

క్లినిక్ బ్రోషర్లలో రకరకాల పేర్లు కనిపించినా పద్ధతులు నిజానికి మూడే. చర్మాన్ని దాదాపు కోయకుండా దారం లోపల పాతేది ఒకటి, చిన్న చిన్న గాట్లు పెట్టేది ఒకటి, గీత పొడవునా కోసేది ఒకటి. కొరియన్‌లో వీటిని మేమోల్, పుబున్ జొల్‌గే, జొల్‌గే అంటారు. మూడూ మంచి పద్ధతులే. ఫలితం చెడిపోయిన కళ్లు చూస్తే ఎక్కువసార్లు కనిపించే కారణం ఒకటే, ఆ రెప్పకు ఆ పద్ధతి సరిపడకపోవడం. ఇంకో విషయం కూడా ముందే చెప్పాలి. కిందగా పెట్టిన మడతను తర్వాత పైకి జరపడం సులువు. పైన పెట్టిన మడతను కిందికి దించడం ఈ రంగంలోని కష్టమైన పనుల్లో ఒకటి. ఈ రివ్యూలో ప్రతి పద్ధతికీ మేం చూసిన కొలమానం అదే, తేడా వస్తే సరిదిద్దుకునే వీలు ఎంత ఉంది అని.

మడత ఎందుకు పడుతుందో తెలిస్తే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది. రెప్పను పైకెత్తేది లివేటర్ కండరం. అది ముందుకు వచ్చేసరికి పలచటి పొరగా మారి, రెప్ప అంచులో ఉండే టార్సల్ ప్లేట్ అనే గట్టి పలకకు అతుక్కుంటుంది. ఆ పొర నుంచి కొన్ని పోగులు చర్మం దాకా వస్తాయి. కన్ను తెరిచినప్పుడు అవి చర్మాన్ని లోపలికి లాగిన చోటే మడత. ఈ పొర ముందు సెప్టమ్ అనే తెర ఉంటుంది, కంటి వెనకున్న కొవ్వును అదే ఆపుతుంది. మడత ఉన్న రెప్పలో ఆ తెర లివేటర్ పొరతో పలక పైన ఎత్తులోనే కలుస్తుంది. మడత లేని రెప్పలో బాగా కింద కలుస్తుంది. దాంతో కొవ్వు పలక ముందుకు జారి, పోగులు చర్మాన్ని చేరకుండా అడ్డుపడుతుంది. అంటే సర్జన్ పని రెండు భాగాలు: చర్మాన్ని లివేటర్‌కు కలపడం, మధ్యలో అడ్డు ఉంటే తీయడం. కుట్టు పద్ధతి మొదటి పని మాత్రమే చేస్తుంది. కోత రెండూ చేయగలదు.

మంచి క్లినిక్కుకీ మామూలు క్లినిక్కుకీ తేడా ఆపరేషన్ టేబుల్ మీద కంటే ముందే, కన్సల్టేషన్‌లో తెలిసిపోతుంది. సర్జన్ స్వయంగా మీ ఎదురుగా కూర్చుని, కనుబొమను వేలితో నొక్కిపట్టి కన్ను తెరవమనాలి. మడత లేని చాలామంది తెలియకుండానే నుదుటి కండరంతో కనుబొమలు ఎత్తి చూస్తుంటారు. బొమను ఆపితేనే రెప్ప అసలు బలం బయటపడుతుంది. తర్వాత కంటిపాప మధ్యలో పడే వెలుగు చుక్క నుంచి పై రెప్ప అంచు దాకా కొలవాలి. 4 మి.మీ. చుట్టుపక్కల ఉంటే బాగున్నట్టు. 2 లేదా అంతకన్నా తక్కువైతే రెప్ప వాలి ఉన్నట్టు. అలాంటి కంటికి లివేటర్‌ను బిగించకుండా మడత ఒక్కటే పెడితే నిద్రమత్తు చూపు అలాగే ఉంటుంది, పైగా మడత అనుకున్నదానికంటే వెడల్పుగా కనిపిస్తుంది.

లివేటర్‌ను బిగించే ఈ పనిని కొరియా క్లినిక్కులు నున్‌మే గ్యోజంగ్ పేరుతో అదనపు ప్యాకేజీగా అమ్ముతాయి. అవసరమైనవాళ్లకు అది తప్పనిసరి. కానీ అవసరం లేనివాళ్లకు కూడా పెద్ద కళ్లు వస్తాయని చెప్పి అంటగడుతున్న సేవల్లో ఇదే మొదటిది అని మా అభిప్రాయం. ఎక్కువ బిగిస్తే నల్లగుడ్డు పైన తెల్లగుడ్డు కనిపిస్తుంది, నిద్రలో రెప్ప పూర్తిగా మూతపడదు, కంటి ముందున్న పారదర్శక పొర కార్నియా ఎండిపోతుంది. సలహా ఇస్తున్నవాళ్లను కొలత ఎంతో అడగండి. అంకె చెప్పకుండా అందం గురించి మాట్లాడితే అక్కడితో ఆపేయండి. రెండు కళ్లలో ఒకదానికే వాలు ఉంటే ఇంకో సంగతి చూడాలి. రెండు రెప్పలకూ మెదడు నుంచి ఒకే ఆదేశం వెళుతుంది కాబట్టి, వాలిన రెప్పను ఎత్తగానే ఇన్నాళ్లూ ఎక్కువ శ్రమపడుతున్న రెండోది కాస్త కిందికి దిగుతుంది. వాలిన రెప్పను వేలితో ఎత్తి రెండోది దిగుతుందో లేదో కన్సల్టేషన్‌లోనే చూడాలి.

మడత ఎత్తు విషయానికి వద్దాం. కన్ను మూసి, చర్మాన్ని కొద్దిగా సాగదీసి, వెంట్రుకల వరుస నుంచి కొలుస్తారు. ఆడవాళ్లకు సాధారణంగా 6 నుంచి 8 మి.మీ., మగవాళ్లకు అంతకంటే కొంచెం తక్కువ. కన్ను తెరిచాక పై చర్మం కిందికి వాలి కప్పేస్తుంది కాబట్టి బయటికి కనిపించేది ఒకటి నుంచి మూడు మి.మీ. మాత్రమే. తూర్పు ఆసియా వాళ్ల టార్సల్ ప్లేట్ ఎత్తు చాలామందిలో 8, 9 మి.మీ.కి మించదు. 10 మి.మీ. దగ్గర మడత కావాలంటే అక్కడ పట్టుకోవడానికి గట్టి ఆధారం ఉండదు, కింద మిగిలే మందపాటి చర్మం ఉబ్బి సాసేజ్ ఆకారంలో కనిపిస్తుంది. తెల్లవాళ్ల కళ్ల ఫోటో తీసుకెళ్లి అలా చేయమని అడిగితే జరిగేది ఇదే.

మడత ఆకారం ప్రధానంగా రెండు రకాలు. కంటి లోపలి మూలలో సన్నగా మొదలై బయటికి వెడల్పయ్యేది ఇన్‌లైన్. మొదటి నుంచీ వెంట్రుకలకు సమాంతరంగా సాగేది అవుట్‌లైన్. ముక్కు పక్కన చర్మపు పొర కంటి మూలను కప్పి ఉన్నవాళ్లకు ఇన్‌లైన్ సహజంగా కుదురుతుంది. ఆ పొరను కదపకుండా బలవంతంగా అవుట్‌లైన్ గీస్తే ముక్కు వైపు గీత తెగిపోయి రెండు గీతలుగా చీలుతుంది.

ఇప్పుడు పద్ధతుల వారీగా చూద్దాం. కుట్టు పద్ధతిలో మనిషిని కూర్చోబెట్టి సన్నటి తీగతో రెప్పను నొక్కి, మడత ఎక్కడ పడుతుందో చూసి గుర్తు పెడతారు. ఇది పడుకోబెట్టి చేయాల్సిన పని కాదు, పడుకుంటే కొవ్వు వెనక్కి జారి కొలత మారుతుంది. మత్తు సూదిగా లిడొకైన్‌లో రక్తస్రావం తగ్గించే ఎపినెఫ్రిన్ కలిపి రెప్పకు అర మిల్లీలీటరు నుంచి ఒక మిల్లీలీటరు ఎక్కిస్తారు. అంతకు మించితే రెప్ప ఉబ్బి గుర్తు తప్పుతుంది. పైగా ఎపినెఫ్రిన్ రెప్పలోని మ్యూలర్ కండరాన్ని ఉత్తేజపరిచి రెప్పను కొంతసేపు అసలుకంటే పైకి ఎత్తి ఉంచుతుంది. ఆ తేడాను మనసులో పెట్టుకోని సర్జన్ రెండు కళ్లను సరిపోల్చేటప్పుడు తప్పుగా చదువుతాడు. తర్వాత చర్మం మీద ఒకటి రెండు మి.మీ. గాట్లు పెట్టి, 7-0 అనే అతి సన్నటి నైలాన్ దారాన్ని చర్మం కింది పొర నుంచి లివేటర్ లేదా టార్సల్ ప్లేట్ పై అంచు దాకా తీసుకెళ్లి వెనక్కి తెచ్చి ముడి వేసి, ఆ ముడిని కండరం కింద పాతేస్తారు. విడివిడిగా మూడు ముడులు వేసేవాళ్లు ఉన్నారు. ఒకే దారాన్ని పలుచోట్ల పట్టించి ఒక్క ముడితో ముగించేవాళ్లూ ఉన్నారు. రెండో రకంలో లాగుడు ఒకే చోట పడకుండా పరుచుకుంటుంది కాబట్టి సన్నటి రెప్పలకు అదే మాకు నచ్చుతుంది. అయితే ఆ ఒక్క ముడి వదిలితే గీత అంతా పోతుంది.

పని అరగంట లోపే అయిపోతుంది. పెద్ద వాపు వారంలో చాలావరకు దిగుతుంది, పూర్తిగా కుదురుకోవడానికి ఒకటి రెండు నెలలు పడుతుంది. చర్మం పలచగా ఉండి, కొవ్వు తక్కువగా ఉన్న ఇరవైల వయసు వాళ్లకు ఇది మొదటి ఎంపిక. దీని గొప్ప గుణం వెనక్కి వెళ్లగలగడం. నచ్చకపోతే తొలి వారాల్లో దారం తీసేస్తే రెప్ప దాదాపు మునుపటిలా అవుతుంది. ఎంత ఆలస్యం చేస్తే అంత అతుకు పడుతుంది, ముడి దొరకడం కూడా కష్టమవుతుంది. బలహీనత ఎక్కడంటే, రెప్ప మందంగా ఉంటే లోపలి కొవ్వు రోజుకు వేలసార్లు రెప్పవేసే కదలికతో దారాన్ని నెడుతూనే ఉంటుంది. దారం కండను మెల్లగా కోసుకుంటూ జరుగుతుంది, గీత మసకబారి ఒక రోజు కనిపించకుండా పోతుంది. కళ్లు నలిపే అలవాటున్నవాళ్లకు, అలర్జీతో దురద ఉన్నవాళ్లకు ఇంకా త్వరగా. కుట్టును జీవితకాలం ఉంటుందని అమ్మే క్లినిక్ మందపాటి రెప్పలకు చెప్పకూడని మాట చెబుతున్నట్టే. మరో ఇబ్బంది దారం రెప్ప లోపలి వైపు బయటపడటం. కంట్లో ఇసుక పడ్డట్టు గుచ్చుతూ, నీళ్లు కారుతూ, చుక్కలు వేసినా తగ్గకపోతే రెప్పను తిప్పి చూడాల్సిందే. కార్నియా మీద గీతలు పడకముందే దారం తీయాలి.

గీత పొడవునా కోసే పద్ధతికి వస్తే, రెప్ప మందంగా ఉన్నా, చర్మం వేలాడుతున్నా, లివేటర్ బలహీనంగా ఉన్నా, కుట్టు ఒకటి రెండుసార్లు ఊడిపోయినా ఇదే దారి. కోత 25, 30 మి.మీ. దాకా సాగుతుంది. చర్మం తీయాల్సి వస్తే రెండు మూడు మి.మీ. చాలు, యువకుల్లో చాలాసార్లు అసలు తీయనక్కర్లేదు. కన్ను మూసే కండరం నుంచి సన్నటి పట్టీ తీసి, సెప్టమ్ తెరిచి, ముందుకు ఉబికిన కొవ్వును మాత్రమే తగ్గిస్తారు. తర్వాత కింది అంచు చర్మం లోపలి పొరను లివేటర్ పొరకు మూడు నుంచి ఐదు చోట్ల కుట్టి, బయట 6-0 లేదా 7-0 నైలాన్‌తో మూసేస్తారు. బయటి కుట్లు 5 నుంచి 7 రోజుల్లో తీస్తారు.

ఇక్కడ నాణ్యత మొత్తం ఆ లోపలి కుట్ల మీదే ఉంటుంది. లివేటర్ పొరకు పట్టిస్తే మడత కన్నుతో పాటు కదులుతుంది, కిందికి చూసినప్పుడు మెత్తబడి దాదాపు మాయమవుతుంది. నేరుగా టార్సల్ ప్లేట్‌కు పట్టిస్తే గట్టిగా నిలుస్తుంది గానీ కన్ను మూసినా గాడి కనిపిస్తుంది. కింది చర్మాన్ని మరీ పైకి లాగి కుడితే వెంట్రుకలు బయటికి తిరిగి, వాటి మొదళ్లలో రెప్ప అంచు ఎర్రగా కనిపిస్తుంది. వెంట్రుకలు కొద్దిగా పైకి లేవాలి, అంతే. అందుకే ఆపరేషన్ మధ్యలో కళ్లు తెరవమని, మూయమని, కూర్చోమని అడిగే సర్జన్ కావాలి. పూర్తిగా నిద్రపుచ్చి, మొదటి నుంచి చివరిదాకా మనిషిని లేపకుండా చేసేచోట రెండు కళ్ల ఎత్తు సరిచూసే అవకాశం పోతుంది.

కొవ్వు విషయంలో మా మాట గట్టిగానే ఉంటుంది. ఉబ్బిన రెప్ప చూసి దొరికినంతా తీసేస్తే కొద్ది కాలానికే కన్ను గుంట పడుతుంది. గుంట పడిన చోట కొవ్వు అనే మెత్త లేక, లివేటర్ పైభాగం నేరుగా చర్మానికి అంటుకుని అసలు గీత పైన మూడో గీత పుడుతుంది. దాన్ని సరిచేయాలంటే అతుకు విడదీసి కొవ్వును కిందికి జరపాలి, అది లేకపోతే వేరేచోటి నుంచి తెచ్చి పెట్టాలి. తక్కువ తీస్తే ఇంకోసారి తీయొచ్చు.

ఓపిక కూడా కావాలి. మొదటి నెలలో మడత అనుకున్నదానికి రెట్టింపు వెడల్పు కనిపిస్తుంది, గీత కింద మొద్దుబారి ఉంటుంది, వెంట్రుకల దగ్గర స్పర్శ తెలియదు. మూడు నుంచి ఆరు నెలల్లో ఆకారం వస్తుంది, మచ్చ ఎరుపు పోవడానికి ఏడాది దాకా పట్టొచ్చు. రెప్ప చర్మం మీద మచ్చలు సాధారణంగా బాగా మానతాయి, ఇది ఈ పద్ధతికి అదృష్టం.

మధ్య రకమైన చిన్న గాట్ల పద్ధతి గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు. కొవ్వు కొంత ఉండి చర్మం బిగువుగా ఉన్నవాళ్లకు బాగుంటుంది. కొన్ని మి.మీ. గాట్లు రెండు మూడు పెట్టి కొవ్వు తీసి లోపల అతుకు వేస్తారు. వేలాడే చర్మాన్ని ఇది తీయలేదు. సహజ అతుకు అనే అర్థం వచ్చే చాయన్‌యుచాక్ పేరుతో అమ్మేవి చాలావరకు దీనికీ కుట్టు పద్ధతికీ మధ్యలో ఉండేవే. పేరు చూసి డబ్బు కట్టకండి. ఎన్ని గాట్లు, ఎక్కడ, లోపల దారం ఉండిపోతుందా, కండరం ఏమైనా తీస్తారా అని అడగండి.

నలభై దాటినవాళ్లకు ఇంకో ఎంపిక ఉంది, చాలామందికి దాని గురించి చెప్పరు. రెప్ప చర్మం వెంట్రుకల దగ్గర పలచగా, కనుబొమ దగ్గర మందంగా ఉంటుంది. వయసుతో వాలిన చర్మాన్ని గీత దగ్గరే కోసి తీస్తే పైనున్న మందపాటి చర్మం కిందికి దిగి, కన్ను మొరటుగా కనిపిస్తుంది. అలాంటివాళ్లకు కనుబొమ కింద కోసి అక్కడి మందపాటి చర్మం తీయడం మేలు. ముఖం తీరు మారదు, మచ్చ బొమ అంచులో కలుస్తుంది.

కంటి లోపలి మూల తెరిచే అప్‌తుయిమ్, బయటి మూల తెరిచే త్వితుయిమ్ అనేవి ప్యాకేజీలో కలిపి ఇస్తామంటారు. రెప్పకంటే ముక్కు పక్క చర్మానికి మచ్చ ఎక్కువగా పడుతుంది. మూల ఎక్కువ తెరిస్తే లోపలి ఎర్రటి కండ బయటపడి కళ్లు దగ్గరగా, కోపంగా కనిపిస్తాయి. పోయిన చర్మాన్ని తిరిగి తెచ్చే ఆపరేషన్ ఉంది గానీ మునుపటి కన్ను పూర్తిగా రాదు. బయటి మూలలో తెరిచినది చాలాసార్లు తిరిగి అతుక్కుపోతుంది. మడత కుదిరాక, ఆరు నెలలు ఆగి, అప్పటికీ కావాలనిపిస్తే విడిగా చేయించుకోవడమే మంచిది.

క్లినిక్ ఎంపికలో కొరియాకు ప్రత్యేకమైన గుర్తు ఒకటి బోర్డు మీదే ఉంటుంది. ప్లాస్టిక్ సర్జరీ స్పెషలిస్ట్ పెట్టిన క్లినిక్ పేరులోనే సంగ్‌హ్యంగ్‌వేగ్వా (ప్లాస్టిక్ సర్జరీ) అనే మాట కలిసి ఉండొచ్చు. స్పెషలిస్ట్ కాని డాక్టర్ కూడా చట్టప్రకారం ఈ ఆపరేషన్లు చేయొచ్చు, కానీ ఆ క్లినిక్ పేరు కేవలం ఉయివన్ (క్లినిక్) అని ఉండి, చూసే విభాగాల జాబితాలో మాత్రమే ఆ మాట కనిపిస్తుంది. కొరియన్ రాని పేషంటు బోర్డు ఫోటో తీసి కొరియన్ తెలిసిన ఎవరికైనా చూపిస్తే చాలు. కన్సల్టేషన్ చేసింది ఒకరు, మత్తిచ్చాక కోసింది ఇంకొకరు అనే మోసం ఆ దేశంలో ఎంత పెద్ద సమస్య అయిందంటే, 2023 సెప్టెంబర్ 25 నుంచి పేషంటు స్పృహలో ఉండని ఆపరేషన్లు చేసే గదుల్లో కెమెరాలు తప్పనిసరి చేశారు. అయితే రికార్డు చేయమని పేషంటో, వాళ్ల తరఫువాళ్లో అడగాలి. మీరు అడగకపోతే కెమెరా ఉన్నా ఉపయోగం లేదు. ధర చెప్పినప్పుడు 10 శాతం పన్ను, మత్తు ఖర్చు, కుట్లు తీయడం, తేడా వస్తే సరిచేయడం అందులో ఉన్నాయో లేవో కాగితం మీద రాయించుకోండి.

ముందు, తర్వాత ఫోటోలు చూపిస్తే మేకప్ లేకుండా, రంగు లెన్సులు లేకుండా, కన్ను తెరిచి, సగం మూసి, పూర్తిగా మూసి తీసినవి, ఆరు నెలలు దాటినవి అడగండి. మూసిన కన్ను ఫోటో లేని ఆల్బమ్‌కు విలువ లేదు, మచ్చా గాడీ కనిపించేది అందులోనే.

హైదరాబాద్‌లో చేయించుకోవచ్చా అంటే, కంటి రెప్పల ప్లాస్టిక్ సర్జరీ చేసే ఆక్యులోప్లాస్టీ సర్జన్లు ఇక్కడ ఉన్నారు, రెప్ప వాలడం సరిచేయడంలో నిపుణులూ ఉన్నారు. మణిపూర్, నాగాలాండ్, మిజోరం నుంచి వచ్చి ఇక్కడ ఉద్యోగాలు చేస్తున్నవాళ్లలో చాలామంది రెప్పల నిర్మాణం ఇలాంటిదే కాబట్టి ఈ ప్రశ్న వాళ్లకు నిజంగా అవసరం. ముసలితనంలో వేలాడే చర్మం తీయడం, లేని మడతను కొత్తగా పుట్టించడం వేర్వేరు పనులు. రెండోది ఎన్ని చేశారో, మందపాటి రెప్పల ఫోటోలు ఉన్నాయో అడిగి తెలుసుకోవాలి.

విమానం ఎక్కి వెళ్లేవాళ్లు కుట్లు తీసేదాకా, అంటే కనీసం వారం అక్కడే ఉండేలా టికెట్ తీసుకోవాలి. హార్డ్ కాంటాక్ట్ లెన్సులు ఏళ్లతరబడి వాడినవాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి, అవి లివేటర్ పొరను సాగదీసి రెప్పను వాల్చేయొచ్చు. కళ్లు పొడిబారే సమస్య, థైరాయిడ్, రక్తం పలచబరిచే మందులు, చేపనూనె, జిన్సెంగ్ కూడా చెప్పాలి. రాసిచ్చిన డాక్టర్‌ను అడగకుండా ఆస్పిరిన్ మానేయకూడదు. మొదటి రెండు రోజులు చల్లటి కాపడం, తల ఎత్తు పెట్టుకుని పడుకోవడం, వంగి బరువులు ఎత్తకపోవడం. లెన్సులు ఎప్పుడు పెట్టుకోవాలో సర్జన్ చెప్పేదాకా కళ్లద్దాలే, పెట్టి తీసేటప్పుడు రెప్పను లాగడం కొత్త గీతకు దెబ్బ.

అరుదైనా ఒక్కటి మాత్రం గుర్తుంచుకోవాలి. ఆపరేషన్ అయిన మొదటి రోజుల్లో ఒక కంట్లో విపరీతమైన నొప్పి, కన్ను రాయిలా గట్టిపడి ముందుకు పొడుచుకు రావడం, చూపు మసకబారడం జరిగితే కంటి వెనక రక్తం చేరుతున్నట్టు అనుమానించాలి. తెల్లారేదాకా ఆగకూడదు. కుట్లు విప్పి ఒత్తిడి తగ్గించడం ఆలస్యమైతే చూపు పోవచ్చు. రాత్రిపూట ఫోన్ ఎత్తే నంబర్ క్లినిక్ ఇచ్చిందో లేదో వెళ్లేముందే చూసుకోండి.

మడత నచ్చకపోతే సరిచేయించడానికి సాధారణంగా ఆరు నెలలు ఆగాలి. అప్పటికి గానీ లోపలి అతుకు మెత్తబడదు, నిజమైన ఎత్తు తెలియదు. తొలి రోజుల్లోనే బయటపడిన పెద్ద తేడా, మూతపడని కన్ను, బయటికి వచ్చిన దారం మాత్రం ఆగకుండా చూపించాల్సినవి. రెండోసారి చేసే సర్జన్‌కు మొదటి ఆపరేషన్ నోట్స్ కావాలి. ఎంత చర్మం తీశారు, కొవ్వు తీశారా, లోపలి కుట్లు దేనికి పట్టించారు, ఏ దారం వాడారు అన్నవి అందులో ఉండాలి. డబ్బు కట్టిన రోజే ఆ నోట్స్ కాపీ, ఇంగ్లీషులో, అడిగి తీసుకోండి.